ఆయిల్ తిరిగితే చాలదు

పాత బుల్లెట్ ఇంజన్ కొనేవాళ్లకి అది ఇంజన్ రూపంలో దొరకడం అరుదు. గోనెసంచిలోనో, రంగు డబ్బాలోనో విడి ముక్కలుగా చేతికొస్తుంది. క్రాంక్ కేసు, సిలిండరు, హెడ్డు లాంటి పెద్ద సామాను ఉందో లేదో బేరం దగ్గరే తేలిపోతుంది. మిగతావి ఇంటికి తెచ్చి, పాత పేపరు పరిచి, ఒక్కొక్కటీ వరసగా పేర్చుకుంటే గానీ తెలియదు. నేను చూసినంతవరకు అలా లెక్కకు తగ్గేవి చాలావరకు ఆయిల్‌కి సంబంధించిన ముక్కలే.

దానికి కారణం ఉంది. అవి చిన్నవి. టైమింగ్ కవర్ ఊడదీస్తున్నప్పుడు ట్రేలోకి జారి, కిరోసిన్‌తో పాటు పారబోసిన చోటికి పోతాయి. అంతకంటే పెద్ద కారణం, అవి లేకపోయినా బండి స్టార్ట్ అవుతుంది. కార్బొరేటర్ జెట్ పోతే ఇంజన్ అక్కడికక్కడే మొరాయిస్తుంది కాబట్టి వెతుకుతాం. ఆయిల్ దారిలో ముక్క పోతే ఇంజన్ కిమ్మనదు. చక్కగా డుగ్‌డుగ్‌మంటూ ఊరు దాటిస్తుంది. దాని సంగతి తర్వాతెప్పుడో, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్) కొట్టుకోవడం మొదలయ్యాక తెలుస్తుంది.

1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ పట్టణంలో బుల్లెట్ తయారు చేసే కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. ఆ కంపెనీ తయారీ ఇంగ్లండ్‌లో 1970తో ఆగిపోయినా మద్రాసు తిరువొత్తియూరులో మాత్రం అదే పోత ఇనుము సిలిండరు ఇంజన్ దశాబ్దాల పాటు నడిచింది. అందువల్ల మనకొక సుఖం, ఒక చిక్కు. విడిభాగం అడిగితే రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఏదో ఒకటి దొరుకుతుంది. అది మన ఇంజన్ కాలానిదేనా అన్నది మాత్రం కొట్టువాడు చెప్పలేడు, మనమే తేల్చుకోవాలి.

ఈ ఇంజన్‌లో ఆయిల్ తిరిగే పద్ధతి తెలిస్తే ఏది తగ్గిందో దానంతటదే బయటపడుతుంది. ఆయిల్ క్రాంక్ కేసులోనే పోత పోసిన అరలో ఉంటుంది. టైమింగ్ కవర్‌లో రెండు చిన్న పంపులున్నాయి. క్రాంక్ కొసనున్న వర్మ్ ఒక కదురును తిప్పితే ఆ రెండూ ఆడతాయి. ఫీడ్ పంపు ఆయిల్‌ని ఫెల్ట్ ఫిల్టరు గుండా తోస్తే, అది క్రాంక్ కొసలోని రంధ్రంలో దూరి బిగ్ ఎండ్‌కి వెళ్తుంది. అడుగున చేరిన దాన్ని రిటర్న్ పంపు లాగి, కొంత రాకర్లకి పంపి, మిగతాది అరకి తిరిగి పోస్తుంది. రిటర్న్ పంపు సామర్థ్యం ఫీడ్ కంటే ఎక్కువ ఉంటుంది, లేకపోతే అడుగున ఆయిల్ నిండిపోతుంది. అందుకే నేను విడిభాగాల పుస్తకం ముందేసుకుని టిక్కులు పెట్టను. ఆయిల్ బొట్టు వెంట వేలు పెట్టి నడుస్తాను. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ ఒక ముక్క తక్కువన్నమాట.

లేని ముక్కలు రెండు రకాలు. పోయినవి, తీసేసినవి. పోయినదానికి కొత్తది వేస్తే సరి. తీసేసినదానికి మాత్రం ఎవరు, ఎందుకు తీశారో ఆలోచించాలి. ఫిల్టరు గదిలో ఫెల్ట్ కనబడకపోతే, మడ్డి పట్టి ఆయిల్ అడ్డుకుంటోందని పాత మెకానిక్ ఎవరో తీసి పారేసి ఉండొచ్చు. అంటే అప్పటినుంచి వడకట్టని ఆయిలే బిగ్ ఎండ్‌కి పోయిందన్నమాట. కొత్త ఫెల్ట్ పెట్టి మూత బిగించేస్తే చాలదు, క్రాంక్ రంధ్రాలన్నీ తెరిచి కడగాలి. వర్మ్ అంచులు చెక్కుకుపోయి ఉంటే, దాని మర ఎడమచేతి వాటమని తెలియక ఎవరో సుత్తీ ఉలీ వాడారని అర్థం. అప్పుడు పక్కనున్న పళ్లూ చూసుకోవాలి.

అన్నిటికంటే మోసం చేసేది క్రాంక్ కొస దగ్గర ఉండే కార్క్ వాషర్. తర్వాత వచ్చినవాటిలో రబ్బరుది. వేలిగోరంత ఉంటుంది. టైమింగ్ కవర్ మూసినప్పుడు ఇది క్రాంక్ కొసకీ కవర్‌కీ మధ్య నలిగి, ఆయిల్ పక్కకి పోకుండా రంధ్రంలోకే పోయేట్టు చూస్తుంది. ఇది లేదనుకోండి. ఫీడ్ పంపు తోసిన ఆయిల్ అంతా టైమింగ్ గేర్ల మీద పడి అడుగుకి జారుతుంది. రిటర్న్ పంపు దాన్ని మామూలుగానే లాగి రాకర్లకి పంపుతుంది. పైన రాకర్ పైపు బాంజో బోల్ట్ వదులు చేసి చూస్తే ఆయిల్ చక్కగా ఊరుతూ ఉంటుంది. కింద బిగ్ ఎండ్ మాత్రం ఎండిపోతూ ఉంటుంది. పాత బుల్లెట్లలో అక్కడున్నది ఫ్లోటింగ్ బుష్. పిన్నుకీ బుష్‌కీ మధ్య ఒక ఆయిల్ పొర, బుష్‌కీ రాడ్‌కీ మధ్య ఇంకో పొర, ఈ రెండిటి మీదే అది బతుకుతుంది.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర ఈ మాటే వచ్చింది. "పైన ఆయిల్ వస్తోంది కదండీ మేస్త్రి గారూ, ఇంకేం?" అన్నాను. "తిరుగుతోంది బాబూ, చేరుతోందా?" అన్నాడాయన. సిలిండరు ఎక్కించకముందే ఆయిల్ క్యాన్ మూతి క్రాంక్ కొసకి ఆనించి నొక్కాడు. కాసేపటికి రాడ్ రెండు పక్కలా ఆయిల్ మెల్లగా చెమర్చింది. దారి తెరిచే ఉందన్న నమ్మకం కుదిరాక వాషర్ పెట్టాడు. స్క్రూలు లేకుండా కవర్ ఆనించి, అది క్రాంక్ కేసుకి పూర్తిగా అతుక్కోకుండా కాస్త ఎడంగా నిలవడం చూపించాడు. ఆ ఎడమే, బిగిస్తే వాషర్ నలుగుతుందనడానికి గుర్తు. ముందే అతుక్కుపోతే వాషర్ పల్చబడిందని లెక్క.

దొరకని ముక్కకి బదులు పెట్టడం మన వర్క్‌షాపుల్లో కొత్తేమీ కాదు, తప్పూ కాదు. అది చేసే పని తెలిసి పెట్టాలి, అంతే. రాకర్ పైపు లేకపోతే రాగి గొట్టం వంచి చేయించుకోవచ్చు. రాగి వాషర్లు ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మళ్లీ పనికొస్తాయి. పంపు డిస్క్‌ని గోడకి ఆనించి పట్టే స్ప్రింగ్ దగ్గర మాత్రం ఆ చొరవ చూపకూడదు. పెన్ను స్ప్రింగ్ ఆ సందులో పడుతుంది, కానీ దాని బలం చాలక డిస్క్ పైకి లేచిపోయి పంపు గాలి పీలుస్తుంది. గాస్కెట్ దొరకలేదని సిలికాన్ పేస్టు దట్టించడం అన్నిటికంటే ప్రమాదం. లోపలికి పొంగిన పేస్టు గట్టిపడి ఊడి, పోయి పోయి ఆయిల్ రంధ్రంలోనే ఇరుక్కుంటుంది.

ఇంజన్ విప్పే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. టైమింగ్ కవర్ నుంచి వచ్చిన ప్రతి ముక్కనీ, అరిగిపోయినదైనా సరే, ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఆ ఇంజన్‌కే కట్టండి. తర్వాత విప్పేవాడికి కొలత దొరికేది దాన్నుంచే. బిగించేవాళ్లు ఫిల్టరు గదిని ఆయిల్‌తో నింపి, ప్లగ్ ఊడదీసి, రాకర్ల దగ్గర ఆయిల్ కనబడేదాకా కిక్ కొట్టండి. అంతకంటే ముందు బిగ్ ఎండ్ దగ్గర చెమ్మ చూడండి. వాషర్ ఒక టీ డబ్బులకి వస్తుంది. బిగ్ ఎండ్ పోతే ఇంజన్ మొత్తం దింపి, ఫ్లైవీల్స్ విడదీసి, కొత్త పిన్నూ రాడ్డూ వేసి, వంకర లేకుండా మళ్లీ సరిచూడాలి.