తోలుబొమ్మలాట – దేశకాలములు

అనంతపురపు కఱవుసీమలో ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు నేటికిని నిలయము. ఈ కళయందలి చిత్రము తోలుపై ముగియక తెరపై పూర్ణమగుచున్నదని నా మతము.

వెలుతురు చొరునంత పలుచన చేసి, రంగులద్ది, రంధ్రములు పొడిచిన మేకతోలుబొమ్మ తెరకు ఆనినప్పుడు స్ఫుటమైన వర్ణచ్ఛాయ నొసగును. దీపమువైపు జరిగినకొలది ఆ ఛాయ పెరిగి, అంచులు చెదరి, రూపు కరగును. ఇట్లు చదునైన వస్త్రముననే ప్రేక్షకునికి దూరము గోచరించుచున్నది. కీళ్లుగల చేతులు చూపునవి కొన్ని భంగిమలే. వాని నడుమ గడచు కాలమును ప్రేక్షకుని కన్నును, వాద్యతాళమును కలిసి పూరించును. పూర్వము నూనెదీపపు రెపరెప నిలిచిన బొమ్మకును చలనమిచ్చెడిది. విద్యుద్దీపము దానిని హరించినది.

నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడుట హర్షణీయము. అయినను నేడక్కడి తోలుచిత్రములు దీపపు గుమ్మటములుగా, గోడల అలంకారములుగా అమ్ముడుపోవుచున్నవి. కఱవునేలలో అది జీవనాధారము, నింద్యము కాదు. కాని గుమ్మటమున తోలు, వర్ణము, దీపము మిగిలినను, పెరిగి తరుగు దూరమును, తాళముతో నడచు కాలమును లోపించినవి. బొమ్మలను ప్రదర్శనశాలలందు భద్రపఱచినంతమాత్రమున ఈ లోపము తీరదు. తెరగట్టి ఆడించువారికి ఆటకు తగిన ప్రతిఫల మేర్పడినప్పుడే ఈ కళ సమగ్రముగా నిలుచును.