లొమ్మెల్ ఇసుకలో తయారయ్యే రైడర్లు

మోటోక్రాస్‌లో ఒక రేసు అరగంట సాగి, ఆ మీదట ఇంకో రెండు ల్యాప్‌లతో ముగుస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రీ రోజున అలాంటివి రెండు. దాదాపు 100 కిలోల బండిని గతుకుల్లో, గాడుల్లో, గాల్లోకి విసిరేసే మిట్టల మీద క్షణం ఆగకుండా నడపాలి. లాగేది ఇంజను కదా, మనిషికి శ్రమేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. రైడరు ఛాతీకి పట్టీ కట్టి కొలిస్తే, గేటు పడింది మొదలు గళ్ల జెండా ఊగేదాకా గుండె తన గరిష్ఠ వేగంలో 90 శాతం దగ్గరే కొట్టుకుంటూ కనిపిస్తుంది. కొంత భయం, ఉద్వేగం వల్ల. మిగతాదంతా పనే: వేళ్లు, ముంజేతులు, నడుము, తొడలు ఒక్కసారీ పూర్తిగా సడలవు. పైన హెల్మెట్, కవచం, మోకాలి దాకా బూట్లు ఉండటంతో ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఈ ఆట ఇంగ్లండ్‌లో పుట్టింది. 1924లో క్యాంబర్లీ దగ్గర జరిగిన పందెమే మొదటిదంటారు. కానీ ఆటను విద్యగా మార్చింది బెల్జియం. జోయెల్ రోబేర్ 250సీసీలో ఆరుసార్లు ప్రపంచ విజేత, రోజర్ డి కోస్టర్ 500సీసీలో అయిదుసార్లు. ఎరిక్ గెబోర్స్ 125, 250, 500 మూడు తరగతుల్లోనూ గెలిచిన మొదటివాడు. ఆ మూడు అంకెలూ కూడితే వచ్చే 875 ఆయనకు మారుపేరైంది. హ్యారీ ఎవర్ట్స్‌వి నాలుగు టైటిళ్లు. ఆయన కొడుకు స్టెఫాన్‌వి పది, వాటితో పాటు 101 గ్రాండ్ ప్రీ విజయాలు. జనాభాలో మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడెనిమిదో వంతు ఉండే దేశం సాధించిన లెక్క ఇది.

వీళ్లలో రోబేర్ వేరే జాతి. సాధన అంటే మొహం చిట్లించేవాడనీ, సిగరెట్లూ రాత్రి విందులూ ఏనాడూ మానలేదనీ కథలుగా చెప్పుకుంటారు. అలాంటి ప్రతిభ ఎవరికీ నేర్పగలిగేది కాదు. నేర్పగలిగింది డి కోస్టర్ దారి. పరుగు, కసరత్తు, తిండి, నిద్ర, బండి అమరిక అన్నీ ఒకే పనిలో భాగాలని ఆయన బతికి చూపించాడు. 1971 నుంచి 1976 వరకు ఆరేళ్లలో అయిదు టైటిళ్లు ఆ క్రమశిక్షణ ఫలితమే. ఆ విద్యను అట్లాంటిక్ దాటించిందీ ఆయనే. 1981లో యూరప్‌లో పెద్దగా పేరులేని నలుగురు అమెరికన్ కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చి, బెల్జియన్ల సొంతగడ్డ లొమ్మెల్ ఇసుకలో 250సీసీ జట్ల పందెం గెలిపించాడు. ఆ ఏడాదే జర్మనీలోని బీల్‌స్టైన్‌లో 500సీసీ జట్ల పందెం మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్ కూడా వాళ్లదే. అక్కడి నుంచి 1993 దాకా వరసగా పదమూడు ఏళ్లు అమెరికా ఓడలేదు. ఆ నలుగురిలో ఒకడైన జానీ ఓమారా సాధనంటే పడిచచ్చేవాడు. 1986లో ఇటలీలోని మజ్జోరాలో అదే పోటీలో 125సీసీ బండి మీద, 500సీసీ ప్రపంచ ఛాంపియన్ డేవిడ్ థార్ప్‌ను దాటేశాడు. ఆ రేసు చూసినవాళ్లు కళ్లు నులుముకున్నారంటే అతిశయోక్తి కాదు.

యువ రైడరు శిక్షణలో పునాది బండికి దూరంగా పడుతుంది. ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత తీరుబడి వేగంతో గంట, గంటన్నర సైకిలు తొక్కడం వారంలో మూడు నాలుగు రోజులు సాగాలి. కుర్రాళ్లకు ఇది విసుగు పుట్టిస్తుంది. అందుకే ఎక్కువమంది ఇక్కడే ఎగ్గొడతారు. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వచ్చిన సైక్లిస్టు ఆల్డన్ బేకర్ పేరు మోగిపోయింది ఈ విసుగు పుట్టించే పనితోనే. 2000లో స్టేడియాల్లో జరిగే సూపర్‌క్రాస్ పెద్ద తరగతిలో ఆయాసపడిన రికీ కార్మైకేల్ ఆయన చేతికి చిక్కాడు. మరుసటి ఏడాదే టైటిల్ గెలిచాడు. 2002లోనూ 2004లోనూ అమెరికా జాతీయ మోటోక్రాస్‌లో 24 రేసులకు 24 గెలిచాడు. ఒక్క రేసు కూడా జారకుండా సీజన్ ముగించడం ఒకసారి అద్భుతం. రెండోసారి కూడా జరిగితే దాన్ని పద్ధతి అనాలి.

పునాది పడ్డాక పడవ తెడ్డు వేసే యంత్రం పనికొస్తుంది. పట్టు, వీపు, తొడలు, శ్వాస నాలుగింటికీ ఒకేసారి పని పెట్టే సాధనం దానికి మించింది లేదు. తర్వాత రెండేసి నిమిషాల తీవ్రమైన దౌడు, మధ్యలో కొద్ది విరామం. మెడకు, పొట్ట కండరాలకు, ఒంటికాలి నిలకడకు విడిగా కసరత్తు. 65సీసీ, 85సీసీ బండ్లు నడిపే పిల్లలకు బరువులు ఎత్తించాల్సిన పనిలేదు. చెట్టెక్కడం, ఈత, తాడాట, సొంత బరువుతో చేసే దండీలు, బైఠకులు చాలు. ఒక్కసారిగా ఎత్తు పెరిగే ఏళ్లలో ఎముకల చివర ఉండే పెరుగుదల పలకలు సున్నితంగా ఉంటాయి, కొత్త పొడవుకు ఒంటి నిలకడ కూడా అలవాటుపడి ఉండదు. ఆ కాలంలో బండి మీద గంటలు తగ్గించే తండ్రి తెలివైనవాడు. సరిగ్గా అప్పుడే కొడుకును పెద్ద బండి ఎక్కించే తండ్రులే ఎక్కువ. తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ తొందర మరీ ప్రమాదం: తలనొప్పి, మత్తు పూర్తిగా పోయి డాక్టరు సరేననేదాకా బండి తాళం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

ఎంత సాధన చేసినవాణ్నయినా కూలదోసేది ఆర్మ్ పంప్. హ్యాండిల్‌ను అదేపనిగా బిగించి పట్టుకుంటే ముంజేతి కండరాలు రక్తంతో ఉబ్బుతాయి. వాటిని చుట్టి ఉండే పొర సాగదు. లోపల ఒత్తిడి పెరిగి వేళ్లు మొద్దుబారతాయి, బ్రేకు మీద వేలు ఉందో లేదో తెలియదు. పేరున్న రైడర్లు చాలామంది ఆ పొరను కోయించుకునే ఆపరేషన్ చేయించుకున్నారు. పదిహేనేళ్ల పిల్లాడికి మాత్రం కత్తి కాదు కావలసింది, మోకాళ్లు. బండిని పట్టుకోవలసింది మోకాళ్లతో, మడమలతో. చేతులు దారి చూపడానికే. పాదం ముందు భాగం ఫుట్‌పెగ్ మీద, నడుము దగ్గర వంగిన ఒళ్లు, పైకి లేచిన మోచేతులు, చూపు ముందు చక్రం మీద కాకుండా వచ్చే మలుపు మీద. స్టెఫాన్ ఎవర్ట్స్ ఈ భంగిమకు పరమ ప్రమాణం. మిగతావాళ్లు కూలబడే మలుపుల్లో కూడా ఆయన నిలబడే తిరిగేవాడు. బండి కింద అల్లాడిపోతుంటే పైన మనిషి కదిలేవాడు కాదు. 2003లో ఫ్రాన్స్‌లోని ఎర్నేలో ఒకే రోజు 125సీసీ, ప్రధాన తరగతి, 650సీసీ మూడూ గెలిచాడు. 2006లో, తన చివరి సీజన్లో, 15 గ్రాండ్ ప్రీలకు 14 ఆయనవే. ఇంత గెలిచినవాడు ఏనాడూ తొందరపడుతున్నట్టు కనిపించలేదు. మన దేశంలో ఈ నిలబడే విద్య విలువ చూపినవాడు బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్, మోటోక్రాస్‌లో రాటుదేలాకే 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు.

ఆ నిలకడను నేర్పే బడి ఇసుక. నలభై బండ్లు అరగంట తిరిగాక లొమ్మెల్ ట్రాకు కేజ్‌వీల్ తొక్కిన మడిలా తయారవుతుంది. ల్యాప్ ల్యాప్‌కూ గుంతలు చోటు మారతాయి, నిన్న నేర్చుకున్న దారి ఇవాళ ఉండదు. బరువు కాస్త వెనక్కి ఉంచి, ముందు చక్రాన్ని తేలికపరచి, థ్రాటిల్ మూయకుండా సాగాలి. వేగం తగ్గిందా, చక్రం దిగబడుతుంది. ఒళ్లు బిగిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్ నుంచి వచ్చిన జెఫ్రీ హెర్లింగ్స్ ఈ ఇసుకలోనే పెరిగాడు. 2018లో 17 గ్రాండ్ ప్రీలు గెలిచాడు, 2023లో ఎవర్ట్స్ 101 విజయాల రికార్డును దాటాడు.

అలాంటి బడులనే మూసేస్తున్నారు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో ఇసుక ట్రాకులు శబ్దం పేరుతో, అనుమతుల పేరుతో ఒక్కొక్కటిగా పోయాయి. అదే దేశంలో నామూర్ కోట చుట్టూ చెట్ల మధ్య, కాఫీ హోటలు గుమ్మం ముందు నుంచి సాగే గ్రాండ్ ప్రీ 1947లో మొదలైంది. 2007 తర్వాత అదీ లేదు. ఆ ఏడాదే స్టీవ్ రామన్ పెద్ద తరగతి టైటిల్ గెలిచాడు. తర్వాత మళ్లీ ఆ తరగతిలో బెల్జియన్ ఛాంపియన్ రాలేదు. ఇది యాదృచ్ఛికమని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? బెల్జియం కుర్రాడు లూకాస్ కోనెన్ 2025లో రెండో స్థానం దాకా వచ్చాడు, అతని కవల సాచా కూడా వేగంలో తక్కువవాడు కాదు. ఇద్దరిని చూసి మురిసిపోయే దేశం, ఇరవైమందికి సాధన చేసుకునే చోటు చూపలేకపోవడం సిగ్గుచేటు.

ట్రాకుల చోటును స్టేడియం ఆక్రమించింది. సూపర్‌క్రాస్ కష్టం కాదని ఎవరూ అనరు. కానీ పిల్లలు దానిలో చూసేది ఎగరడం ఒక్కటే. జేమ్స్ స్టూవర్ట్ తెచ్చిన స్క్రబ్ అందుకు ఉదాహరణ. మిట్ట ఎక్కుతూనే బండిని పక్కకు వాల్చి, ఎత్తుకు ఎగరకుండా, త్వరగా నేల తాకి మళ్లీ థ్రాటిల్ అందుకోవడం దాని ప్రయోజనం. గాల్లో గడిపిన ప్రతి క్షణం చక్రానికి నేల లేని క్షణమే అన్న లెక్క అందులో ఉంది. ఫోన్లలో వీడియోల కోసం దాన్ని అనుకరించే కుర్రాళ్లు బండిని వాలుస్తారు కానీ పైకే ఎగురుతారు, దిగాక వేగం పోగొట్టుకుంటారు, కొందరు మణికట్టు కూడా. ఇలాంటివి చూసి చప్పట్లు కొట్టే కోచ్‌లు ఫీజు తీసుకోవడం అన్యాయం.

తిండి విషయంలో మోసం ఇంకా ఎక్కువ. గట్టిగా సాధన చేసే రోజున ఒంటి బరువులో ప్రతి కిలోకూ అయిదు నుంచి ఏడు గ్రాముల పిండిపదార్థాలు, ఒకటిన్నర గ్రాముల దాకా మాంసకృత్తులు అవసరం. అన్నం, పాస్తా, బంగాళాదుంప, గుడ్లు, పప్పు, పెరుగు, పండ్లతో అది సులభంగా వస్తుంది. డబ్బాల్లో పొడులు అవసరం లేదు. తేలిక రైడరుకు గేటు దగ్గర లాభమని పిల్లల కడుపు మాడ్చే పద్ధతి ఒకటి పాకింది. ఎదిగే ఒంటికి తిండి తగ్గితే ఎముక పలచబడుతుంది, జబ్బులు తిరగబెడతాయి, ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోతుంది. ఒక కిలో తగ్గించి ఒక సీజన్ పోగొట్టుకోవడం ఏం బేరం? ఎనర్జీ డ్రింకుల సంగతి సరేసరి. జెర్సీ మీద, హెల్మెట్ మీద వాటి గుర్తులే. పోడియం మీద చేతిలో ఉండే డబ్బాలో తరచు మంచినీళ్లే ఉంటాయని అంటారు. పిల్లల ఆహారంలో వాటికి చోటే లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లోనే తేల్చిచెప్పింది.

రేసు రోజున భోజనం గేటుకు మూడు గంటల ముందు ముగియాలి: ఓట్స్, అరటిపండు, తేనె రాసిన రొట్టె. నూనె, పీచు తక్కువగా ఉండాలి. రేసుకు ముందూ తర్వాతా తూకం చూసుకుంటే చెమట లెక్క తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకూ ఉప్పు కలిసిన నీళ్లు లీటరు నుంచి లీటరున్నర దాకా, గుటకలు గుటకలుగా తాగాలి. రెండు రేసుల మధ్య దొరికే రెండు మూడు గంటల్లో తడి బట్టలు మార్చి, మెడ మీద చల్లటి గుడ్డ వేసుకుని, మొదటి అరగంటలోనే కొంచెం అన్నమో అరటిపండో తినేసి కాళ్లు చాపుకోవాలి. ఫోను చూస్తూ కూర్చోవడం విశ్రాంతి కిందకు రాదు.

పోటీలో ఎత్తుగడ పొద్దున ట్రాకు మీద నడకతో మొదలవుతుంది. తడి ఎక్కడుంది, మధ్యాహ్నానికి ఎక్కడ గాడి లోతవుతుంది, ఏ మలుపులో లోపలి దారి పొట్టి, ఏ మలుపులో బయటి గట్టు వేగాన్ని నిలబెడుతుంది అన్నది కాళ్లతోనే తెలుసుకోవాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 15 సెకన్ల బోర్డు దిగి 5 సెకన్ల బోర్డు వచ్చాక, అయిదు నుంచి పది సెకన్ల మధ్య ఎప్పుడైనా గేటు పడుతుంది. తల హ్యాండిల్ మీదికి వంచి, క్లచ్ పట్టు అందుకునే చోట వేళ్లు ఆపి, చూపు గేటు మీదే ఉంచినవాడికి మొదటి మలుపు దక్కుతుంది. మొదటి రెండు ల్యాప్‌లు ఉన్న వేగమంతా పెట్టాలి. వెనకబడితే ముందువాడి చక్రం ఎగజిమ్మే మట్టే అద్దాల నిండా ఉంటుంది. దాటేయడం మలుపులో జరుగుతుంది గానీ, దాని ఏర్పాటు అంతకుముందు మలుపులోనే జరగాలి. ముందువాడు లోపలికి వెళితే బయటి గట్టు వేగంతో పక్కకు రావాలి, బయటికి వెళితే లోపలి గాడిలో కోసేయాలి. పసుపు జెండా ఊగుతున్నచోట దాటడం, ఎగరడం రెండూ నిషిద్ధం. పడ్డవాడు నేల మీద ఉన్నాడని దాని అర్థం, నియమం కంటే అది పెద్ద సంగతి. కిందపడితే లేచి రెండు నిండు ఊపిరులు తీసుకున్నాకే థ్రాటిల్ అందుకోవాలి.

చివరి అయిదు నిమిషాలు సాధన లెక్క తేలే సమయం. 2018లో అర్జెంటీనా గ్రాండ్ ప్రీ రెండో రేసులో తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్ ఆంటోనియో కైరోలీ ముందుండగా, హెర్లింగ్స్ చివరి ల్యాప్‌లో వచ్చి దాటాడు. ఇద్దరి వేగం దాదాపు ఒకటే. అరగంట తర్వాత కాళ్లలో మిగిలింది మాత్రం ఒకటి కాదు. పాయింట్ల పట్టిక కూడా రెండో రేసువైపే మొగ్గుతుంది. గెలిచినవాడికి 25, రెండోవాడికి 22. ఇద్దరు రైడర్లు ఒక్కో రేసు గెలిచి, ఒక్కోదాంట్లో రెండో స్థానంలో నిలిస్తే ఇద్దరికీ 47 పాయింట్లే. అప్పుడు గ్రాండ్ ప్రీ రెండో రేసు గెలిచినవాడిదే.