గెలిచాడు సరే, ఎడమ చెయ్యి ఎక్కడుంది?

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఓటమి లేని రికార్డుకి ఉన్నంత గిరాకీ ఇంకే ఆటలోనూ కనబడదు. పోస్టర్ మీద బాక్సర్ పేరు, పక్కనే గెలుపుల అంకె, దాని పక్కన సున్నా. ప్రమోటర్ అమ్ముకునేది చాలావరకు ఆ సున్నానే. అది పోయిన రాత్రే బేరం మారిపోతుంది. నిన్నటిదాకా పొగిడిన నోళ్లే వీడిలో మొదట్నుంచీ పస లేదంటాయి. అందుకే మొదటి ఓటమి తర్వాత బాక్సర్ మళ్లీ గెలిస్తే అతని వాళ్లందరికీ పోయిన ప్రాణం లేచొస్తుంది. మర్నాడు పేపర్లో 'పుంజుకున్నాడు' అని పడుతుంది. ఇక మాటలన్నీ రేపటి గురించే. టైటిల్ ఫైట్ ఎప్పుడు, ఎవరితో, ఎన్ని కోట్లకు?

ఏళ్ల తరబడి ఈ ఆట చూసి నేనొక నిశ్చయానికి వచ్చాను. ఓటమి తర్వాతి గెలుపుని బట్టి బాక్సర్ ముందు రోజులు చెప్పలేం. ఏ దెబ్బకి పడ్డాడు? ఆ దెబ్బ వచ్చిన దారి ఇప్పుడు మూసుకుందా, ఇంకా తెరిచే ఉందా? చూడాల్సింది అది. అందుకే ఓడిన ఫైటూ, తర్వాత గెలిచిన ఫైటూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని, కామెంటరీ ఆపేసి, చేతులూ కాళ్లూ మాత్రం చూస్తాను.

ఆంథనీ జాషువా సంగతే తీసుకోండి. 2019 జూన్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆండీ రూయిజ్ అతన్ని నాలుగుసార్లు పడగొట్టి ఏడో రౌండ్‌లో ఓడించాడు. రూయిజ్ అసలా ఫైట్‌కి అనుకున్న మనిషే కాదు, వేరొకరి బదులుగా వచ్చినవాడు. ఆ రాత్రి మూడో రౌండ్ చూడాలి. ముందు పడింది రూయిజే. లేచి నిలబడ్డాడు. ఇంకెంత, ముగించేద్దామని జాషువా మీదికెళ్లాడు. రెండు చేతులూ విసురుతూ, గార్డ్ వదిలేసి, బాగా దగ్గరికి. ఆ దగ్గరలోనే రూయిజ్ ఎడమ హుక్ కణత మీద తగిలింది. అక్కణ్నుంచి జాషువా కాళ్లు అతని మాట వినలేదు.

డిసెంబరు 7న సౌదీ అరేబియాలోని దిరియాలో మళ్లీ వాళ్లిద్దరే. జాషువా బరువు తగ్గి వచ్చాడు, రూయిజ్ పదిహేను పౌండ్లు పెరిగి వచ్చాడు. పన్నెండు రౌండ్లూ జాషువా దూరంగా నిలబడి జాబ్ వెయ్యడం, పక్కకి తప్పుకోవడం. ముగ్గురు జడ్జీలూ పెద్ద తేడాతో అతనికే ఇచ్చారు. పోయిన బెల్టులన్నీ తిరిగొచ్చాయి. తెలివైన గెలుపు, క్రమశిక్షణతో గెలిచిన గెలుపు, కాదనను. కానీ దగ్గరికెళ్లి ముగించే పని ఆ రాత్రి అతను పెట్టుకోనే లేదు. కారుతున్న గదికి తాళం వేసి పక్క గదిలో పడుకోవడం లాంటిది అది. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, కప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఐదేళ్లు పట్టింది. మధ్యలో ఉసిక్ చేతిలో రెండుసార్లు ఓడాడు గానీ అది వేరే లెక్క, తనకంటే పనితనం ఎక్కువున్న వాడి చేతిలో ఓడాడు. నేను చెప్పేది 2024 సెప్టెంబరు 21 గురించి. వెంబ్లీ స్టేడియంలో 96 వేల మంది. ఎదురుగా డేనియల్ డుబోయిస్. అప్పటికే పడి లేస్తున్న జాషువా ఐదో రౌండ్‌లో ఒక మంచి కుడి దెబ్బతో డుబోయిస్‌ని కదిలించాడు. వెంటనే ముగించేద్దామని మీదికెళ్లాడు. అప్పర్‌కట్ కోసం కుడి చెయ్యి కిందికి దించాడు. ఆ సందులోంచి డుబోయిస్ కుడి చెయ్యి వచ్చింది. ఫైట్ అక్కడితో ఆఖరు. 2019లో న్యూయార్క్‌లో ఏ దారి తెరిచి ఉందో, అదే దారి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ లెనాక్స్ లూయిస్‌ది. బాక్సింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. 1994 సెప్టెంబరు 24న లండన్‌లో ఆలివర్ మెకాల్‌తో ఫైట్. లెనాక్స్‌కి అప్పటికి 25 గెలుపులు, ఓటమి లేదు. రెండో రౌండ్ మొదలై 31 సెకన్లు. లెనాక్స్ కుడి చెయ్యి విసిరాడు, అదే క్షణంలో మెకాల్ కుడి చెయ్యి దాన్ని దాటుకుని ముందే గడ్డానికి తగిలింది. లేచాడు గానీ కాళ్లు నిలవలేదు, రెఫరీ ఆపేశాడు.

అది గుడ్డిగా తగిలిన దెబ్బ కాదు. మెకాల్ మూలలో ఉన్న ట్రైనర్ ఇమాన్యుయేల్ స్టీవార్డ్ డెట్రాయిట్ క్రాంక్ జిమ్ మనిషి, థామస్ హర్న్స్‌ని తయారుచేసినవాడు. లెనాక్స్ కుడి చెయ్యి విసిరేటప్పుడు అతనికి ఎక్కడ రక్షణ ఉండదో ముందే చూసి పెట్టుకున్నాడు. మెకాల్ చేత సాధన చేయించిందీ ఆ దెబ్బే. ఓడిన తర్వాత లెనాక్స్ చేసిన పని గమనించండి. పాత ట్రైనర్ని వదిలి, తన లోపం పట్టుకున్న ఆ స్టీవార్డ్ దగ్గరికే వెళ్లాడు. తనని పడగొట్టించిన మనిషి ముందుకెళ్లి, నాలో ఏం చూశావో నాకు నేర్పు అనడానికి ఎంత గుండె కావాలి! అహంకారం ఉన్నవాడు చెయ్యలేని పని. స్టీవార్డ్ అతన్ని మళ్లీ జాబ్ దగ్గర్నుంచీ మొదలుపెట్టించాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి తన పొడవుని వాడుకోవడం, కుడి చెయ్యి విసిరినా ఒంటి తూకం తప్పకపోవడం, ఇదీ పాఠం.

1995 మేలో లయనెల్ బట్లర్‌ని ఐదో రౌండ్‌లో ఓడించాడు. పేపర్ల ప్రకారం లెనాక్స్ పుంజుకున్నది అప్పుడే. నా లెక్క ప్రకారం 1996 మేలో, రే మెర్సర్‌తో. పది రౌండ్లూ ఒకరినొకరు కొట్టుకున్న ఫైట్ అది, జడ్జీలు ముగ్గురూ కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. మెర్సర్ దగ్గరికొచ్చి కొడుతుంటే లెనాక్స్ చెదరలేదు. ఆ తర్వాతే 1997 ఫిబ్రవరిలో మెకాల్‌తో రెండో ఫైట్. అందులో మెకాల్ రింగ్ మధ్యలో ఏడుస్తూ చేతులు దించేశాడు. ఆ గెలుపు ఎవరి ప్రతిభనీ రుజువు చెయ్యదు, ఆ మనిషి మీద జాలి తప్ప నాకేమీ మిగల్లేదు. కానీ 1999లో హోలీఫీల్డ్, 2002లో మెంఫిస్‌లో టైసన్, ఈ గెలుపులన్నీ ఆ మరమ్మతు ఫలం. 2001లో రహ్మాన్ చేతిలో మళ్లీ ఓడాడు, అదే ఏడాది నవంబరులో నాలుగో రౌండ్‌లో బదులు తీర్చుకున్నాడు. 2004లో ఆట మానేసేనాటికి, వృత్తిలో తనని ఓడించిన ఇద్దరినీ తిరిగి ఓడించినవాడు.

ఇంకా వెనక్కి వెళ్తే జో లూయిస్ ఉన్నాడు. 1936 జూన్ 19న యాంకీ స్టేడియంలో మాక్స్ ష్మెలింగ్ అతన్ని పన్నెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. జాబ్ వేశాక జో తన ఎడమ చెయ్యి కిందికి వదిలేస్తాడని ష్మెలింగ్ ఫిల్ములు చూసి పసిగట్టాడు. ఆ సందులో కుడి చెయ్యి వేస్తూ పోయాడు, వేస్తూనే పోయాడు. రెండు నెలలు తిరక్కుండా ఆగస్టులో జో మళ్లీ రింగ్ ఎక్కి జాక్ షార్కీని మూడో రౌండ్‌లో పడగొట్టాడు. మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. అయినా ష్మెలింగ్‌ని ఓడించేదాకా నన్ను చాంపియన్ అనొద్దన్నాడు. 1938 జూన్ 22న అదే స్టేడియంలో పని ముగించడానికి అతనికి పట్టింది 124 సెకన్లు. చాంపియన్ కావడం కాదు, ఓడిన చోట లెక్క తేల్చుకోవడమే తన పరీక్ష అని నిర్ణయించుకున్నాడు చూడండి, అందుకే జో లూయిస్ పేరు ఇప్పటికీ ఆ స్థాయిలో ఉంది.

సుళువైన ఫైట్లు ఎంచుకుని పుంజుకున్నట్టు కనబడటం ఈ వృత్తిలో పాత అలవాటు. 1990లో టోక్యోలో డగ్లస్ చేతిలో ఓడాక టైసన్ రెండు ఫైట్లు మొదటి రౌండ్‌లోనే ముగించాడు. జనం ఊగిపోయారు. కానీ అంతకుముందే పోయిన తల కదలికా, జాబూ తిరిగి రాలేదు. మొదటి రౌండ్‌లో ముగిసే ఫైట్‌లో అవి వచ్చాయో లేదో తెలిసే వీలే లేదు. నసీమ్ హమీద్ కథ ఇంకా చిన్నది. 2001లో బరేరా చేతిలో ఓడాడు, మరుసటి ఏడాది లండన్‌లో ఒక ఫైట్ గెలిచాడు, 28 ఏళ్లకే మానేశాడు. మన విజేందర్ సింగ్ ప్రొఫెషనల్‌గా వరసగా పన్నెండు గెలిచి, 2021 మార్చిలో గోవాలో ఓడ మీద జరిగిన ఫైట్‌లో పొడుగాటి రష్యన్ లోప్సాన్ చేతిలో ఓడాడు. 2022 ఆగస్టులో రాయ్‌పూర్‌లో రెండో రౌండ్‌లోనే గెలిచాడు. చూడటానికి బాగుంది. కానీ పొడుగు బాక్సర్‌ని ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్న గోవాలో ఎక్కడుందో, రాయ్‌పూర్ తర్వాత కూడా అక్కడే ఉంది. అప్పటికి అతనికి 36 ఏళ్లు. బీజింగ్‌లో దేశానికి బాక్సింగ్‌లో తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషి గురించి ఇంత నిక్కచ్చిగా రాయడం నాకూ కష్టమే.

అలాగని మొదటి ఓటమి చూసి ఎవరినీ తీసిపారెయ్యకూడదు. వెంబ్లీలో జాషువాని పడగొట్టిన డుబోయిస్‌నే చూడండి. 2020 నవంబరులో జో జాయిస్‌తో ఫైట్‌లో పదో రౌండ్‌లో మోకాలి మీద కూర్చుని లెక్క పూర్తయ్యేదాకా లేవలేదు. మధ్యలో వదిలేశాడని మాజీ బాక్సర్లే తిట్టారు. అతని కంటిగుంట ఎముక విరిగిందని తర్వాత తేలింది. ఆ తిట్లు మోసుకుంటూ, ట్రైనర్లను మార్చుకుంటూ, మళ్లీ ఓడి మళ్లీ గెలిచి నాలుగేళ్లకు అక్కడికి చేరాడు. ఎముక విరిగిన కుర్రాణ్ని పిరికివాడన్నవాళ్లలో ఎంతమంది క్షమాపణ చెప్పారో గాని, చెప్పితీరాల్సింది.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఈ సున్నా గొడవ లేదు. అక్కడ ఓటమి తిండీ నిద్రా లాంటి మామూలు సంగతి, అందుకే ఆ బాక్సర్లు నేర్చుకోవడం ఎక్కువ. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9–1తో ఓడింది. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో టోక్యో ఒలింపిక్స్ రజత విజేత, టర్కీ బాక్సర్ బుసె నాజ్ చకిరోగ్లుని ఓడించింది, మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. ప్యారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేక రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వు యు ఎదురై ఓడిపోయింది. చివరికి స్వర్ణం గెలిచింది ఆ వు యునే.

2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్లో నిఖత్‌ని 5–0తో ఓడించింది, మూడేళ్ల కిందట తన చేతిలో ఓడిన ఆ చకిరోగ్లునే. అంటే సోఫియా నుంచి లివర్‌పూల్ దాకా అటువైపు కూడా మరమ్మతు జరుగుతూనే ఉంది. నవంబరులో గ్రేటర్ నోయిడాలో నిఖత్ ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. సంతోషించాం, పండగ చేసుకున్నాం. కానీ చకిరోగ్లు లాంటి బాక్సర్ మళ్లీ ఎదురైనప్పుడు ఆమె దగ్గర కొత్త సమాధానం ఉందో లేదో ఆ స్వర్ణం చెప్పదు. ఆ బౌట్ జరిగేదాకా నిఖత్ పని అయిపోయిందనేవాళ్ల మాటా నమ్మకండి, ఆమెకి ఇక తిరుగులేదనేవాళ్ల మాటా నమ్మకండి.