తెలుగు తెరపై శస్త్రవైద్యుని ధర్మసంకటం : రోగి స్థానం

వైద్యుడు నాయకుడైన తెలుగు చిత్రాలలో వృత్తిధర్మానికీ వ్యక్తిగత జీవితానికీ నడుమ సంఘర్షణ తరచుగా కనిపించే వస్తువు. ఆ సంఘర్షణలో రోగికి దక్కిన స్థానమేమిటన్నది పరిశీలించదగిన విషయం.

కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లో నాయకుడు మరణించిన చెల్లెలిని మిత్రుని భార్య మాధవిలో చూసుకొంటాడు. ఆ ఆత్మీయత అనుమానాలకు తావిస్తుంది. కథను నడిపే శంక అతని శీలాన్ని గురించినది. వైద్యాన్ని గురించినది కాదు. వృత్తి అతని ఔన్నత్యానికి గుర్తుగా నిలిచింది.

సందీప్‌రెడ్డి వంగా ‘అర్జున్ రెడ్డి’ (2017) ఆ శంకను శస్త్రచికిత్స గదిలోకి తెచ్చింది. ప్రేమ విఫలమై మద్యానికీ మాదకద్రవ్యాలకూ లోనైన నాయకుడు శస్త్రచికిత్స చేస్తూ కుప్పకూలుతాడు. రక్తపరీక్ష నిజాన్ని బయటపెడుతుంది. విచారణలో తప్పించుకొనే మార్గాన్ని ఆప్తులు సిద్ధం చేసినా, వృత్తికి ద్రోహం చేయలేక తప్పు ఒప్పుకొంటాడు. అయిదేళ్లపాటు వైద్యం చేసే అర్హత కోల్పోతాడు.

ఈ ఒప్పుకోలు చిత్రంలోని బలమైన ఘట్టాలలో ఒకటి. నాయకుణ్ణి శిక్ష నుంచి తప్పించకపోవడం దర్శకుని నిజాయితీ. అయినా ఆ సత్యం నాయకుని ఆత్మగౌరవాన్ని నిలబెట్టినంతగా రోగికి జరిగిన అన్యాయాన్ని పట్టించుకోదు. భారత వైద్యమండలి 2002 నియమావళి శస్త్రచికిత్సకు ముందు లిఖితపూర్వకమైన అంగీకారాన్ని విధించింది. కత్తి పట్టే చేయి స్థిమితంగా ఉన్నదన్న నమ్మకమే ఆ సంతకానికి ఆధారం. ఆ నమ్మకానికి భంగం కలిగింది విచారణ గదిలో కాదు, అంతకు ముందే. చిత్రం విరహవేదనను చిత్రించిందే గాని ఆసుపత్రిని కాదన్న సమాధానం ఇక్కడ చాలదు. వృత్తిధర్మాన్ని కొలమానంగా ముందుకు తెచ్చినది చిత్రమే.

అనంతపురం కరవు సీమ నుంచి చూస్తే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదటగా అమలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. వేరుసెనగ ఎండిపోయి అప్పులే మిగిలిన కుటుంబానికి పథకం శస్త్రచికిత్స ఖర్చును భరిస్తుంది; బల్ల దగ్గర నిలిచిన వైద్యుని స్థితిని తెలుసుకొనే వీలును మాత్రం ఏ కార్డూ ఇవ్వదు. మరో వైద్యుణ్ణి వెతుక్కొనే స్తోమత లేని రోగికి వైద్యుని సొంత దుఃఖం సొంత విషయంగా మిగలదు.

రెండు చిత్రాలకూ అర్ధశతాబ్ది దూరం ఉన్నా రెండింటిలోనూ సానుభూతి వైద్యుని చుట్టూనే తిరిగింది. స్పృహలేని స్థితిలో బల్లపై ఉన్న మనిషి వైపు నుంచి ఈ ధర్మసంకటాన్ని చెప్పినపుడే తెలుగు వైద్యకథ పరిపూర్ణమవుతుంది.