వెయ్యి గజాల లెక్క

రైఫిల్ షూటింగ్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది 2012 లండన్ ఒలింపిక్స్, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ మెడలో కాంస్య పతకం. ఆ పోటీ దూరం 10 మీటర్లు. నాలుగు గోడల మధ్య ఆట కాబట్టి గాలి ఊసే లేదు. ఒళ్ళు, ఊపిరి, వేలు అదుపులో పెట్టుకోవడమే అక్కడి విద్య. ఇప్పుడు లక్ష్యాన్ని ఆరుబయట వెయ్యి గజాల అవతల, అంటే 914 మీటర్ల దూరాన నిలబెట్టండి. ఆ విద్యంతా అక్కడా కావాల్సిందే. దాంతోపాటు బోలెడంత లెక్క కూడా కావాలి.

ఎఫ్-క్లాస్ అనే దూరపు రైఫిల్ పోటీల్లో ఆ దూరాన పూర్తి మార్కులు తెచ్చే వలయం అడ్డుకొలత 10 అంగుళాలు. 6.5 క్రీడ్‌మోర్ అనే తూటానే తీసుకుందాం. 9 గ్రాముల బుల్లెట్ సెకనుకు 820 మీటర్లకు పైచిలుకు వేగంతో గొట్టం దాటుతుంది. వెయ్యి గజాలు చేరడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది, ఈలోగా వేగం సగానికి కాస్త పైన మిగులుతుంది. వంద గజాల దగ్గర గురి సరిచేసుకున్న రైఫిల్‌ను అదే గురితో కాలిస్తే బుల్లెట్ లక్ష్యానికి ఏడు మీటర్ల కింద పోతుంది. స్కోప్‌ను ఎంత తిప్పితే ఆ ఏడు మీటర్లూ పూడుతాయి? బుల్లెట్ దారి లెక్కకట్టే ఫోను యాప్, అంటే బాలిస్టిక్స్ యాప్, జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే.

జవాబు రావడానికి రెప్పపాటు చాలు. దాని వెనక మాత్రం మూడు వందల ఏళ్ళకు కాస్త తక్కువ కష్టం ఉంది. ఆ కష్టజీవుల్లో మొదటి వరసలోని ఒకాయన మన కోరమండల్ తీరంలోనే కన్నుమూశాడు. బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయ గణితజ్ఞుడు బరువైన దిమ్మెను లోలకంలా వేలాడదీసి, అందులోకి గుండు పేల్చి, అది ఎంత ఊగిందో చూసి గుండు వేగం కట్టాడు. 1742లో పుస్తకం వేశాడు. గాలి అడ్డుకోవడం పెద్ద విషయం కాదని అంతదాకా తుపాకీ విద్యలో నమ్మకం. వేగంగా పోయే గుండును గాలి ఆపే బలం ఆ గుండు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుందని ఆయన తేల్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయించడానికి ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు.

గాలి ఆపుతుందని తెలిశాక, ఏ వేగం దగ్గర ఎంత ఆపుతుందన్నది తర్వాతి ప్రశ్న. 1881లో జర్మనీలో క్రుప్ కంపెనీ చేసిన పరీక్షలు, వాటిమీద రష్యన్ అధికారి మయేవ్‌స్కీ కట్టిన సూత్రాలు కలిసి ‘జి1’ అనే ప్రమాణానికి దారితీశాయి. ఒక నమూనా గుండు గాలికి ఎలా లొంగుతుందో చెప్పే పట్టిక అది. మీ బుల్లెట్ ఆ నమూనాతో పోలిస్తే ఎంత నయమో చెప్పే ఒకే ఒక అంకె బాలిస్టిక్ కోఎఫిషియంట్. కిటుకు ఏమిటంటే, జి1 గుండు పొట్టిది, అడుగు చదును. నేటి పోటీ బుల్లెట్లు సన్నగా, పొడుగ్గా, తోక దగ్గర పడవలా సన్నగిల్లి ఉంటాయి. పొట్టి గుండు పట్టికతో వీటిని కొలిస్తే ఆ ‘ఒకే అంకె’ వేగంతోపాటు మారిపోతూ ఉంటుంది. సన్న తోక ఉన్న నమూనాతో వచ్చిన ‘జి7’ పట్టిక ఆ చిక్కు చాలావరకు తీర్చింది. అయినా కొన్ని కంపెనీలు ఇప్పటికీ పెట్టె మీద జి1 అంకెనే పెద్దక్షరాల్లో వేస్తాయి. అది పెద్ద అంకె కదా, అమ్మకానికి బాగుంటుంది.

ఈ పట్టికను చేతిలో పెట్టుకుని దారి మొత్తం కట్టడమే అసలు పని. 60 సెకన్లు ఎగిరే ఫిరంగి గుండు దారి కట్టడానికి, డెస్కు కాలిక్యులేటర్ దగ్గర కూర్చున్న మనిషికి 20 గంటలు పట్టేది. 1946లో అమెరికా సైన్యం లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌ను కట్టించిందే ఈ లెక్కల కోసం. అది అదే పని 30 సెకన్లలో ముగించింది. నేటి ఫోను చేసేదీ దాదాపు అదే లెక్క. ప్రయాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క దగ్గర ఆగి, ఇప్పుడున్న వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చూస్తుంది. ఆ నిష్పత్తికి పట్టికలో నిరోధం ఎంతో తీస్తుంది. వేగం అంత తగ్గిస్తుంది, భూమి లాగినంత కిందికి దించుతుంది, తర్వాతి ముక్కకు పోతుంది. ఇందులో గొప్ప గణితమేమీ లేదు, ఇంటర్ చదివిన పిల్లవాడికి అర్థమవుతుంది. పనితనం కనిపించేది ఆ లెక్కకు ముడిసరుకు అందించే చోట.

ఉష్ణోగ్రత సంగతే చూడండి. వేడెక్కితే గాలి పల్చబడుతుంది, నిరోధం తగ్గుతుంది. ఇది అందరూ ఊహించేదే. వేడి గాలిలో ధ్వని వేగం కూడా పెరుగుతుంది కాబట్టి అదే బుల్లెట్ పట్టికలో ఇంకో వరసకు జరుగుతుంది. పైగా తూటాలోని మందు వేడెక్కితే గొట్టం దాటే వేగమే మారుతుంది. ఒకే అంకె మూడు దారుల్లో లెక్కలోకి దూరుతోందన్నమాట. మూడింటినీ విడివిడిగా పట్టుకునే యాప్‌కీ, ఒకటి వదిలేసే యాప్‌కీ తేడా కంటికి కనిపించదు. ఏప్రిల్‌లో పొద్దున సరిచూసుకున్న రైఫిల్‌ను మధ్యాహ్నం కాల్చినప్పుడు తెలుస్తుంది.

యాప్‌లో వాయుపీడనం గడి దగ్గర బోర్లా పడేవాళ్ళు ఇంకా ఎక్కువ. వాతావరణ వార్తల్లో చెప్పే పీడనం సముద్రమట్టానికి సవరించి చెప్పేది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. వార్తల్లో 1010 మిల్లీబార్లు అన్నరోజు నగరంలో మనల్ని నిజంగా నొక్కుతున్న గాలి పీడనం 950 చుట్టుపక్కల ఉంటుంది. విన్న అంకెను విన్నట్టే గడిలో వేస్తే యాప్ గాలిని ఉన్నదానికన్నా ఆరు శాతం చిక్కగా ఊహించుకుంటుంది, వెయ్యి గజాల దగ్గర గుండు అర అడుగుకు మించి పైకి పోతుంది. షూటర్లు జేబులో పెట్టుకునే కెస్ట్రెల్ అనే చేతి మీటర్ ఈ గొడవ లేకుండా నిలబడ్డ చోటి అసలు పీడనాన్ని కొలుస్తుంది. దాని నెత్తిన అంగుళం వెడల్పు గాలి చక్రం ఉంటుంది. అది అరిగితే బొటనవేళ్ళతో నొక్కి బయటికి తీసి, కొత్తది పెట్టుకోవచ్చు. లోపల అప్లయిడ్ బాలిస్టిక్స్ సంస్థ లెక్కల యంత్రం ఉన్న రకాలూ వస్తున్నాయి. ఆ సంస్థను పెట్టిన బ్రయన్ లిట్జ్ ఏరోస్పేస్ ఇంజనీరు, స్వయంగా దూరపు షూటర్ కూడా. బుల్లెట్లు తయారుచేసేవాళ్ళు ప్రకటించిన అంకెలు నమ్మకుండా, ఒక్కో రకాన్నీ కాల్చి కొలిచి పట్టిక వేయడం ఆయన చేసిన పెద్ద పని.

కొత్తగా చేరినవాళ్ళకు మోజు మాత్రం ఇంకో చోట: భూమి తిరగడం వల్ల బుల్లెట్ పక్కకు జరుగుతుందట! జరుగుతుంది, నిజమే. మన తూటాకు వెయ్యి గజాల దగ్గర ఇంగ్లండులోని బిస్లీ రేంజిలో అది 8 సెంటీమీటర్ల లోపు. హైదరాబాద్ అక్షాంశంలో 3 సెంటీమీటర్లు. పక్కకు జరగడం మన దగ్గర తక్కువ, పైకీ కిందికీ జరగడం ఎక్కువ. తూర్పుకు తిరిగి కాలిస్తే ఇక్కడ 9 సెంటీమీటర్ల దాకా పైకి, పడమరకు కాలిస్తే అంతే కిందికి. దీనికన్నా పెద్దది బుల్లెట్ తన చుట్టూ తాను తిరగడం వల్ల వచ్చే జరుగుబాటు. తిరిగే బొంగరాన్ని వేలితో తోస్తే తోసిన వైపు కాకుండా పక్కకు వాలుతుంది కదా, కుడిచుట్టు గొట్టం నుంచి వచ్చిన బుల్లెట్ కూడా అలాగే ముక్కు కాస్త కుడికి పెట్టుకుని పోతుంది. వెయ్యి గజాలకు అది ఓ జానెడు. యాప్ ఇవన్నీ కలుపుకుంటుంది కాబట్టి ఎవరూ తల బద్దలుకొట్టుకోనక్కరలేదు.

లెక్క ఎంత సరిగ్గా వచ్చినా దాన్ని అమలుచేయాల్సింది స్కోప్ మీది మూత. ఒక్కో ‘టక్’కూ 0.1 మిల్, అంటే వంద మీటర్ల దగ్గర సరిగ్గా ఒక సెంటీమీటరు. మూత తిప్పితే లోపల సన్నని మరమేకు తిరుగుతుంది. కటకాలున్న చిన్న గొట్టాన్ని అది కిందికి నొక్కుతుంది, ఎదుటివైపు నుంచి స్ప్రింగు దాన్ని ఎదిరిస్తూ ఉంటుంది. ఏడెనిమిది మిల్లులు తిప్పినా మరలో వదులు ఉండకూడదు, వెనక్కి తిప్పితే మొదటి గీత దగ్గరికే రావాలి, ప్రతి పేలుడుకూ తగిలే కుదుపును ఏళ్ళ తరబడి తట్టుకోవాలి. మంచి స్కోప్‌కు రైఫిల్‌తో సమానంగా ధర పలకడానికి కటకాలు ఒక కారణమైతే ఈ మరమేకు ఇంకో కారణం. దాన్నీ గుడ్డిగా నమ్మరు. వంద మీటర్ల దగ్గర నిలువుగా, తూకం దారంతో సరిచూసి ఒక పొడవాటి కాగితం అంటిస్తారు. పది మిల్లులు తిప్పి కాలుస్తారు. తూటా రంధ్రాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు రావాలి. 98 సెంటీమీటర్లే వస్తే స్కోప్‌ను తిట్టుకుని ఊరుకోనక్కరలేదు, మంచి యాప్‌లో దానికో గడి ఉంటుంది. అక్కడ 0.98 అని వేస్తే ఇకమీదట ఆ లోటు కలుపుకునే జవాబు చెబుతుంది. పరికరం తప్పును దాచకుండా దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఈ చిన్న గడి నాకు మహా ఇష్టం.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ అసలు నేర్పు ‘ట్రూయింగ్’ అనే మెట్టులో చూడాలి. యాప్ ఒకటి చెబుతుంది, కాగితం మీద గుండు ఇంకోచోట పడుతుంది. అప్పుడు చాలామంది ఏదో ఒక అంకెను పట్టుకుని, ఆ ఒక్క దూరానికి సరిపోయేదాకా పీకుతారు. ఆరు వందల గజాల దగ్గర సరిపోతుంది, వెయ్యి దగ్గర మళ్ళీ తప్పుతుంది. అప్లయిడ్ బాలిస్టిక్స్ యాప్ ఆ పనిని రెండుగా విడదీసింది. బుల్లెట్ ఇంకా ధ్వని కన్నా వేగంగా ఉన్న దూరాల్లో తేడా వస్తే, తప్పు గొట్టం దాటిన వేగంలో ఉందని భావించి దాన్ని మాత్రమే సరిదిద్దుతుంది. ధ్వని వేగానికి దిగే చోట బుల్లెట్ తొట్రుపడుతుంది, నిరోధం తీరు మారుతుంది. కాబట్టి అక్కడి తేడాను నిరోధంలోనే సర్దుతుంది. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దాలన్న నియమం ఇది. ముందుగా వేగాన్ని రాడార్‌తో పనిచేసే క్రోనోగ్రాఫ్‌తో నికరంగా కొలుచుకుంటే దిద్దాల్సింది చాలా తక్కువ మిగులుతుంది. సెకనుకు 3 మీటర్ల తేడా వస్తే వెయ్యి గజాల దగ్గర 6 సెంటీమీటర్లు పోయినట్టే.

మిగిలింది గాలి. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. అడ్డగాలి బుల్లెట్‌ను ఎంత పక్కకు తోస్తుందన్నది బుల్లెట్ ఎంతసేపు గాలిలో ఉందన్నదాన్ని బట్టి కాదు, ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. గాలి నిరోధమే లేకపోతే మన బుల్లెట్ 914 మీటర్లను 1.1 సెకన్లలో దాటేది. దాటింది 1.5లో. ఆ 0.4 సెకన్ల ఆలస్యాన్ని అడ్డగాలి వేగంతో గుణిస్తే పక్కకు ఎంత పోయిందో వస్తుంది. డిడియాన్ సూత్రంగా పేరుపడ్డ 19వ శతాబ్దపు మాట ఇది. నిరోధం తక్కువ ఉన్న బుల్లెట్ కోసం షూటర్లు ఎందుకు పడిచస్తారో దీంతో తెలిసిపోతుంది. కిందికి జారడం ఎంతైనా ఫరవాలేదు, అది ఎప్పుడూ ఒకేలా జారుతుంది, లెక్కకు అందుతుంది. గాలి అందదు.

గంటకు ఒక మైలు గాలిని తప్పుగా అంచనా వేస్తే మన తూటా ఏడు అంగుళాలు పక్కకు పోతుంది. వలయం మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం అయిదే. అంటే మిగతా అన్ని లెక్కలూ అచ్చంగా కుదిరినా, ఒక్క మైలు పొరపాటుతో మార్కు పోయింది. కెస్ట్రెల్ చెప్పేది మన చేతి దగ్గరి గాలిని. మధ్యలో ఏడెనిమిది వందల గజాల మేర ఏం జరుగుతోందో దానికి తెలియదు. బిస్లీలో అందుకే రేంజి పొడుగునా జెండాలు కడతారు. 1890 నుంచి అక్కడ పోటీలు నడుస్తున్నాయి, 1,200 గజాల దాకా కాల్చే వీలుంది. ఎండ కాస్తే జెండాలకన్నా నమ్మదగింది ఎండమావి. స్పాటింగ్ స్కోప్‌ను లక్ష్యం ముందు కాస్త దగ్గరి దూరానికి ఫోకస్ చేస్తే పారే వేడిగాలి అలలు కనిపిస్తాయి. నిటారుగా ఉడుకుతుంటే అడ్డగాలి లేదు, ఏటవాలుగా పారుతుంటే కొంచెం ఉంది, అడ్డంగా పరుగెడితే బాగానే ఉంది. ఇది చదవడం ఏ యాప్‌కూ రాదు. గాలి గడి ఖాళీగా ఉంచి మనల్నే రాయమనడం మంచి యాప్ మర్యాద. కొన్ని యాప్‌లు వాతావరణ కేంద్రం నుంచి గాలి అంకె తెచ్చి తామే నింపేస్తాయి. ఆ కేంద్రం ఏ విమానాశ్రయంలో ఉందో ఎవరికెరుక!

అనుభవం ఉన్న షూటర్లు గాలికి ఒక అంకె కాకుండా రెండు రాసుకుంటారు, తగ్గినప్పుడు ఇంత, పెరిగినప్పుడు ఇంత అని. మధ్యలో ఆడుకుంటారు. వాళ్ళలో కొందరు యాప్ పట్టికలను అటూఇటూ తిరగేసి ఒక సులువు పట్టారు. ఈ క్రీడ్‌మోర్ తూటాకు గంటకు 6 మైళ్ళ అడ్డగాలి ఉంటే 400 గజాల దగ్గర సుమారు 0.4 మిల్, 500 దగ్గర 0.5, 600 దగ్గర 0.6 సవరణ కావాలి. దూరమే జవాబు. గాలి 3 మైళ్ళే అయితే అందులో సగం. ఏడెనిమిది వందలు దాటాక కాస్త ఎక్కువ కలుపుకోవాలి. ప్రతి తూటాకూ ఇలాంటి గాలి అంకె ఒకటి ఉంటుంది, ఒకరిది 5 అయితే ఇంకొకరిది 4. యాప్ ఏ గడిలోనూ దాన్ని చూపించకపోయినా, ఓ సాయంత్రం దాని పట్టిక ముందు కూర్చుంటే దొరికిపోతుంది. రైఫిల్ దిమ్మె మీద టేపు అంటించి దాన్ని రాసుకున్నవాళ్ళు, ఫోను ఎండకు వేడెక్కి ఆగిపోయినా ఆట ఆపరు.