ఒకే మాట, రెండు అర్థాలు: మోర్మన్ సంఘానికీ ఇతర క్రైస్తవ సంఘాలకూ మధ్య సత్య వివాదం – విమర్శనాత్మక పరిశీలన

1. పాఠ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• మోర్మన్ సంఘానికీ ఇతర క్రైస్తవ సంఘాలకూ మధ్య ఉన్న ప్రధాన భేదాలను వివరించగలుగుతారు.
• ఒక మతపరమైన వాదంలో చరిత్ర, లేఖనం, నిర్వచనం, అనుభవం అనే నాలుగు అంశాలను విడదీసి చూడగలుగుతారు.
• ఇరుపక్షాల వాదాల్లోని బలాలను, బలహీనతలను అంచనా వేయగలుగుతారు.

2. పరిచయం

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం సంపర్క-సలహా తరగతిలో చేవెళ్ల నుంచి వచ్చిన ఒక విద్యార్థిని పాఠం ముగిశాక నిలబడి ఇలా అడిగింది: "సార్, మా అన్నకు చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. ఇప్పుడు సిటీల మోర్మన్ల సంఘంల చేరి మళ్ల తీసుకున్నడు. మరి మా అమ్మ ఇప్పిచ్చింది బాప్తిస్మం కాదా సార్?" తల్లి వారం రోజులుగా సరిగా అన్నం తినడం లేదట. పక్క బల్లపై కూర్చున్న మొయినాబాద్ విద్యార్థి కల్పించుకొని, "అన్ని దార్లు ఒక్క దేవుని దగ్గరికే పోతయి గద సార్, దీనికి కొట్లాట ఎందుకు?" అన్నాడు.

ఆ రోజు ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం ఆ జవాబుకోసం చేసిన ప్రయత్నం. ఏ మతం నిజమో తేల్చడం విమర్శకుని పని కాదు. ఎవరు ఏమంటున్నారు, ఏ ఆధారంతో అంటున్నారు, ఆ ఆధారం ఆ మాటను మోయగలదా అని చూడడమే అతని పని.

3. నేపథ్యం

మోర్మన్ సంఘం అసలు పేరు 'కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘము'. 2018 నుంచి ఆ సంఘం తన పూర్తి పేరునే వాడమని గట్టిగా కోరుతోంది. ఇక్కడ సౌలభ్యం కోసం మాత్రమే పాత పేరు వాడుతున్నాం. దీన్ని 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. మొరోనీ అనే దేవదూత చూపిన బంగారు రేకుల నుంచి దైవశక్తితో అనువదించానని చెబుతూ, అదే ఏడాది ఆయన 'మోర్మన్ గ్రంథము'ను ప్రచురించాడు. క్రీస్తు పూర్వం 600 ప్రాంతంలో యెరూషలేము నుంచి అమెరికా ఖండానికి చేరిన ఒక కుటుంబపు సంతతి కథ అది. పునరుత్థానుడైన యేసు ఆ ప్రజలకు కనిపించాడని కూడా అది చెబుతుంది.

భారతదేశానికి ఈ సంఘం బోధకులు 1850లలోనే వచ్చినా వారి పని నిలవలేదు. తెలుగు నేలపై దీని కథ ఒక కుటుంబంతో మొదలైంది. సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో హైదరాబాదు వచ్చారు. వారి బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని చేసింది ఆయనే. ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి. 2012లో, భారతదేశంలోనే మొదటిసారిగా, 'స్టేక్' అనే పాలనా విభాగం హైదరాబాదులో ఏర్పడింది.

ఇక చేవెళ్ల నుంచి వికారాబాదు వైపు వెళితే మెథడిస్టుల ప్రాంతం. ఏటా నవంబరులో జరిగే ధారూర్ క్రైస్తవ జాతర మీలో చాలామందికి తెలిసినదే. ఆ విద్యార్థిని కుటుంబం ఈ సంప్రదాయానికి చెందినది.

4. మాట ఒకటే, అర్థం వేరు

రెండు పక్షాలూ 'తండ్రి', 'కుమారుడు', 'రక్షణ', 'ప్రవక్త' అనే మాటలనే వాడతాయి. అందుకే వాదం త్వరగా వేడెక్కుతుంది. క్రీస్తు శకం 325లో నైసియాలో జరిగిన సభ కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ప్రకటించింది. కథోలికులు, లూథరన్లు, మెథడిస్టులు, బాప్టిస్టులు ఎన్ని విషయాల్లో విడిపోయినా త్రిత్వ విశ్వాసాన్ని పంచుకుంటారు. మోర్మన్ బోధ ప్రకారం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వేర్వేరు వ్యక్తులు. వారి ఐక్యత సంకల్పంలోనిదే గాని తత్వంలోనిది కాదు. తండ్రికి మహిమగల శరీరం ఉందని కూడా ఆ సంఘం నమ్ముతుంది.

దీనికి తెలుగులో ఒక మంచి ఉదాహరణ ఉంది. మన పాత నిబంధనలో దేవుని పేరు పుట పుటా 'యెహోవా' అని కనిపిస్తుంది. సాధారణ తెలుగు క్రైస్తవుడు ఆ మాట వినగానే తండ్రియైన దేవుణ్ణి తలచుకుంటాడు. మోర్మన్ బోధలో యెహోవా అంటే శరీరధారి కాకముందున్న యేసు. ఒకే కీర్తనను ఒకే గదిలో ఇద్దరు కలిసి చదివినా, ఆ పేరు దగ్గర ఇద్దరి మనసులు వేర్వేరు చోట్ల ఆగుతాయి. ఇది తెలియకుండా వాదించేవారు ఒకరి మాటకు మరొకరు జవాబు చెప్పడం లేదు.

5. వాదాల పరీక్ష

(అ) చరిత్ర: మోర్మన్ గ్రంథం చెప్పిన నగరాలను, గుర్రాలను, ఉక్కు ఆయుధాలను ఆ కాలపు అమెరికా తవ్వకాలు బలపరచలేదు. 'అబ్రాహాము గ్రంథము' విషయం మరింత సూటిగా ఉంటుంది. జోసెఫ్ స్మిత్ దగ్గర ఉన్న ఈజిప్టు పపైరస్ ముక్కలు కొన్ని 1967లో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. నిపుణులు చదివితే అవి మామూలు అంత్యక్రియల పాఠాలని తేలింది. ఆ ముక్కలకు, అనువాదానికి పొంతన లేదని సంఘమే 2014లో ఒప్పుకొంది. పోయిన ముక్కల్లో మూలం ఉండవచ్చని, లేదా ఆ ముక్కలు దర్శనానికి ప్రేరణ మాత్రమే కావచ్చని వివరించింది. ఇక్కడ విమర్శకుల వాదం బలమైనది.

అయితే ఇదే కొలబద్దను బైబిలుకూ వాడాలి. పిలాతు పేరున్న శాసనం 1961లో కైసరయలో దొరికింది. అది పిలాతు ఉన్నాడని రుజువు చేస్తుంది. పునరుత్థానాన్ని రుజువు చేయదు. బైబిలు ఊళ్లు భూమిమీద ఉన్నాయి కాబట్టి దాని అద్భుతాలన్నీ రుజువైనట్టే అనడం తొందరపాటు.

(ఆ) లేఖనం: ప్రకటన గ్రంథం చివర ఈ గ్రంథానికి ఏమీ కలపరాదనే హెచ్చరిక ఉంది, కాబట్టి మోర్మన్ గ్రంథం చెల్లదని చాలామంది బోధకులు అంటారు. ఈ వాదం బలహీనం. ఆ హెచ్చరిక ప్రకటన గ్రంథం గురించి చెప్పినది. అటువంటి మాటే ద్వితీయోపదేశకాండం నాలుగో అధ్యాయంలోనూ ఉంది. ఈ తర్కం ప్రకారం ఆ తర్వాతి గ్రంథాలన్నీ పోతాయి. విమర్శకులు ఈ వాదాన్ని వదిలి, త్రిత్వం, చరిత్ర విషయాలపై నిలబడితే మంచిది.

(ఇ) అనుభవం: గ్రంథం చదివి, నిజమో కాదో దేవుణ్ణే అడగండి, పరిశుద్ధాత్మ హృదయంలో సాక్ష్యమిస్తుంది అన్నది మోర్మన్ల ముఖ్య వాదం. అలా పొందిన సాక్ష్యం ఆ వ్యక్తికి నిజమైన అనుభవమే. దాన్ని ఎగతాళి చేయడం విమర్శ కాదు. కాని అదే నిశ్చయతతో మరొకరు వ్యతిరేకమైన సాక్ష్యం చెబితే ఏం చేయాలి? ధారూర్ జాతరలో రాత్రంతా ప్రార్థించిన మెథడిస్టుకూ హృదయ సాక్ష్యం ఉంది. అనుభవం ఒక్కటే రెండు అనుభవాల మధ్య తీర్పు చెప్పలేదు. రేకులు ఉన్నాయా లేవా అన్న చారిత్రక ప్రశ్నకు అది అసలే సరిపోదు.

(ఈ) నిర్వచనం: "వాళ్లు క్రైస్తవులేనా?" అనే ప్రశ్న సత్యం గురించినదిగా కనిపిస్తుంది గాని నిజానికి అది పేరు గురించినది. క్రీస్తును రక్షకుడని నమ్మడమే కొలత అయితే వారు క్రైస్తవులు. నైసియా విశ్వాసమే కొలత అయితే కారు. ఏ కొలత వాడుతున్నారో ముందుగా చెప్పకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

6. అన్నీ ఒకటేనా?

మొయినాబాద్ విద్యార్థి మాటలో మంచితనం ఉంది. కాని అది ఇద్దరి మాటనూ వినకుండా ఇద్దరినీ సమాధానపరచే మంచితనం. బంగారు రేకులు ఉండి ఉండాలి, లేదా లేకపోయి ఉండాలి. రెండూ ఒకేసారి నిజం కావు. దేవుడు ఒక్కడే అనే నమ్మకం ఉన్నవారు కూడా, ఆయన గురించి మనుషులు చెప్పే మాటలన్నీ ఒకటే అని అనలేరు. భేదాన్ని గుర్తించడం వేరు, కొట్లాడడం వేరు.

7. బాప్తిస్మం ప్రశ్న

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. మోర్మన్ సంఘం ఇతర సంఘాల బాప్తిస్మాన్ని అంగీకరించదు. కథోలిక సంఘం 2001లో మోర్మన్ బాప్తిస్మం చెల్లదని ప్రకటించింది. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘం 2000లో దాదాపు అదే నిర్ణయం తీసుకుంది. (మన దేశంలోని మెథడిస్టు సంఘం దాని నుంచి వేరైన స్వతంత్ర సంఘం.) తిరస్కారం రెండువైపులా ఉన్నా కారణాలు ఒకటి కావు. కథోలికుల కారణం సిద్ధాంతం: ఉచ్చరించే పేర్లు అవే అయినా వాటి వెనుక ఉన్న దేవుని భావన వేరు. మోర్మన్ల కారణం అధికారం: అపొస్తలుల తర్వాత యాజకత్వ అధికారం భూమిమీద లేకుండా పోయిందని, 1829లో అది జోసెఫ్ స్మిత్‌కు తిరిగి ఇవ్వబడిందని వారి నమ్మకం.

మళ్లీ బాప్తిస్మం ఇవ్వడం మనకు కొత్త కాదు. శిశు బాప్తిస్మం పొందినవారికి బాప్టిస్టులు పెద్దయ్యాక తిరిగి ఇస్తూనే ఉన్నారు. అప్పుడు కూడా ఎన్నో ఇళ్లలో తల్లులు ఏడ్చి ఉంటారు.

కాబట్టి అన్న సంఘం చెబుతున్నది "నీ పాస్టరుకు అధికారం లేదు" అని మాత్రమే. "నీ తల్లికి విశ్వాసం లేదు" అని ఎవరూ అనలేదు. ఆ అధికారపు వాదం నిలుస్తుందా అన్నది 1829 గురించిన చరిత్ర ప్రశ్న. దాన్ని చరిత్రగానే పరీక్షించాలి. బిడ్డను ఎత్తుకొని గుడికి నడిచిన తల్లి నమ్మకం ఆ పరీక్షలో ముద్దాయి కాదు. ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఇదే.

8. సారాంశం

సత్య వివాదంలో చరిత్ర, లేఖనం, అనుభవం, నిర్వచనం కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీస్తే ఇరుపక్షాల బలం, బలహీనత కనిపిస్తాయి. ఒకే కొలబద్దను ఇద్దరికీ వాడడం విమర్శకు మొదటి నియమం. వాదానికి జవాబు చెప్పాలి గాని, మనిషిని గాయపరచకూడదు అన్నది రెండవది.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'యెహోవా' అనే మాట ఇరుపక్షాలకు ఎలా వేర్వేరు అర్థాలిస్తుందో వివరించండి.
2. హృదయ సాక్ష్యం వాదానికి ఉన్న పరిమితి ఏమిటి?
3. బాప్తిస్మ తిరస్కారానికి ఇరుపక్షాలు చూపే కారణాలను పోల్చండి.
4. మీ ఊరిలో విన్న ఒక మత వాదాన్ని తీసుకొని, పై నాలుగు అంశాలుగా విడదీసి పది వాక్యాల్లో రాయండి. ఎవరి పేరూ రాయవద్దు.