రక్తపు చుక్కలో రోగి భవిష్యత్తు

నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక మొదలగు చోట్ల పుట్టు కేన్సరులను కలిపి తల, మెడ భాగముల కేన్సరు అందురు. ఇది కనుగొనబడిన రోగి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "నయమగునా?" కణితి ఎంత పెద్దది, మెడలోని గ్రంథులకు ప్రాకినదా అని చూచి వైద్యుడు ఒక అంచనా చెప్పును. అయితే ఒకే దశలోనున్న ఇద్దరిలో ఒకరు కోలుకొనుటయు, మరొకరికి తిరుగబెట్టుటయు కలదు. ఈ భేదమును రక్తపరీక్షతో ముందుగానే కనిపెట్టవచ్చునని కుప్పతెప్పలుగా పరిశోధన వ్యాసములు వెలువడినవి. వాటిలో గింజ ఎంత, పొట్టు ఎంత అని చెరిగి చూడవలసియున్నది.

పెక్కు వ్యాసములు రెండు రకముల తెల్లకణముల నిష్పత్తిని గూర్చినవి. నూరు తెల్లకణములలో న్యూట్రోఫిల్‌లు 60, లింఫోసైట్లు 30 ఉన్నచో నిష్పత్తి 2. ఇది హెచ్చుగానున్న రోగులు తక్కువకాలము జీవించిరని ఆ వ్యాసముల సారము. మామూలు రక్తపరీక్ష చాలును, క్రొత్త యంత్రము అక్కరలేదు. ఆకర్షణ ఇందే యున్నది. చిక్కును ఇందే యున్నది. పంటికి చీము పట్టినను న్యూట్రోఫిల్‌లు పెరుగును, స్టెరాయిడు మందు వాడినను పెరుగును. నోటి కేన్సరు రోగులలో పుచ్చిపళ్లు, పుండ్లు అరుదా? పై రోగికే చీము పట్టి లెక్క 75, 15 అయినచో నిష్పత్తి 5 అగును. కణితి మాత్రము వెంట్రుకవాసియైనను పెరిగియుండదు.

ఇంతకంటె పెద్ద లోపము హద్దును గూర్చినది. నిష్పత్తి 2 దాటిన ప్రమాదమని ఒకరు, 3 అని ఒకరు, 5 అని వేరొకరు. పెక్కు పరిశీలనలలో ఈ హద్దు ముందుగా నిర్ణయించినది కాదు. పాత రికార్డులు తిరగవేసి, బ్రతికినవారిని మరణించినవారిని ఏ సంఖ్య బాగుగా విడదీయునో దానినే హద్దుగా గైకొనిరి. ఒక ఉపాధ్యాయుడు జవాబు పత్రములన్నియు దిద్దిన పిమ్మట, తనకు నచ్చిన పిల్లలే గట్టెక్కునట్లు పాసుమార్కు పెట్టి, "నా అంచనా ఎంత సరియైనదో చూడుడు" అన్నట్లున్నది! ఆ హద్దునే వేరొక ఆసుపత్రిలోని క్రొత్త రోగులకు వర్తింపజేసి చూచినగాని దాని విలువ తేలదు.

దక్షిణ చైనాలో ఎక్కువగా కనబడు, ముక్కు వెనుక గొంతు పైభాగమున పుట్టు కేన్సరు విషయము వేరు. దాని కణములలో ఎప్‌స్టైన్-బార్ అను వైరసు ఉండును. కణములు నశించినపుడు ఆ వైరసు డి.ఎన్.ఎ. ముక్కలు రక్తములోనికి చేరును. హాంకాంగులో డెన్నిస్ లో బృందము 1999లో ఈ ముక్కలను లెక్కించి, 57గురు రోగులలో 55గురికి, ఆ కేన్సరు లేని 43గురిలో ముగ్గురికి మాత్రమే అవి కలవని చూపెను. చికిత్స ముగిసిన తరువాతను అవి మిగిలియున్నవారి బ్రతుకు ఆశ తక్కువయని 2004లో తైవాను పరిశోధకులు 99గురు రోగులపై తేల్చిరి. ఈ గుర్తు కణితినుండియే వచ్చినది. పంటి చీముతో దీనికి పనిలేదు.

అయినను కథ ముగియలేదు. రేడియేషను తరువాతను ఈ డి.ఎన్.ఎ. కనబడిన 104గురిని హాంకాంగులో లాటరీ పద్ధతిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు అదనముగా కీమోథెరపీ ఇచ్చిరి. 2018లో ఫలితములు వెలువడినవి: 5 ఏండ్లు వ్యాధి తిరుగబెట్టక బ్రతికినవారు మందు పుచ్చుకొన్న జట్టులో నూటికి 49.3, పుచ్చుకొననివారిలో 54.7. గణితరీత్యా ఇది లెక్కింపదగిన భేదము కాదు. పరీక్ష సరిగానే హెచ్చరించినది. ఆ హెచ్చరికకు తగిన మందే దొరకలేదు. ఫలితమును ముందుగా తెలియజేయుట ఒకటి, ఏ చికిత్స పనిచేయునో చెప్పుట మరొకటి. పెక్కు వ్యాసములు ఈ రెంటిని ఒకే గాటకట్టుచున్నవి. ఆ పొరపాటుకు మూల్యము వ్యాసకర్త చెల్లించడు. కీమోథెరపీ వాంతులు, నీరసము రోగియే అనుభవించును.

ఉత్తర కోస్తా ఆంధ్రలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిలిపై వచ్చు కేన్సరు పొగాకువలన కలుగునది. హాంకాంగు పరీక్ష దానికి ఉపకరింపదు. నోటి కేన్సరునకు 2018లో అమలులోనికి వచ్చిన దశావిభజనలో కణితి వెడల్పుతోపాటు లోతునుకూడ మిల్లీమీటర్లలో కొలుచుట చేర్చిరి. రక్తకణముల నిష్పత్తికి అందు చోటు ఈయలేదు.